పాలు ఎందుకు తోడుకోలేదు?

బాన్సువాడ నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. ఈ వారం పేజీ మొత్తం ఆ ఉత్తరానికే కేటాయిస్తున్నాను. ఆమె అడిగిన ప్రశ్న పైకి చిన్నదిగా కనబడుతుంది. కాని దానికి జవాబు చెప్పాలంటే మనుషుల డాక్టరు ఒక్కడూ చాలడు. పశువుల డాక్టరూ కావాలి, నీళ్లూ మట్టీ పరీక్షచేసే శాస్త్రజ్ఞుడూ కావాలి. ఉత్తరంలోని ముఖ్య విషయం ఇది:

"మాది వ్యవసాయ కుటుంబం. నిజాంసాగర్ కాలువ కింద మూడెకరాల వరి వుంది. ఇంట్లో ఒక బర్రె. మొన్న వానాకాలంలో దానికి పొదుగువాపు వచ్చింది. ఊళ్లో సూదులు వేసే అతను వచ్చి మూడు రోజులు సూదిమందు వేశాడు. వాపు తగ్గింది. కాని ఆ నాలుగైదు రోజులూ పాలు తోడుకోలేదు. ఎంత తోడు వేసినా తెల్లవారేసరికి పాలు పాలలాగే వున్నాయి. మా తోడు మంచిది కాదేమోనని పక్కింటి నుంచి తెచ్చి వేశాను. అయినా అంతే. పారబొయ్యడం ఎందుకని కాచుకుని తాగేశాం.

"తరవాత రెండు నెలలకు మా అత్తమ్మకు మూత్రంలో మంట, చలిజ్వరం వచ్చాయి. ఆమెకు షుగరు వుంది. డబ్బాలో పాత మాత్రలు మిగిలి వుంటే నేనే నాలుగు వేశాను. జ్వరం తగ్గి మళ్లీ వచ్చింది. ఆర్.ఎం.పి. దగ్గరికి పోతే ఇంకో రకం మాత్రలు ఇచ్చాడు. రెండు రోజులు బాగుండి మూడో రోజు మనిషి పలకలేదు. నిజామాబాదు తీసుకుపోయి దవాఖానలో చేర్చాం. మూత్రం పరీక్షకు పంపి ఏదో సూది మొదలుపెట్టారు. మూడు రోజులకు రిపోర్టు వచ్చింది. అందులో పధ్నాలుగు మందుల పేర్లుంటే, పదింటికి ఎదురుగా 'ఆర్' అని వుంది. 'మొదట వేసిన సూది కూడా పనిచెయ్యదట' అని మందు మార్చారు. పది రోజులు వుండి ఇంటికొచ్చింది. నా పుస్తెలతాడు కుదువలో వుంది, అది వేరే సంగతి.

"మందుల షాపు అబ్బాయి మా చీటీలు చూసి, 'మీ బర్రెకు వేసిందీ, మీ అత్తమ్మకు దవాఖానలో మొదట వేసిందీ ఒకటే మందు' అన్నాడు. నిజమేనా డాక్టరుగారూ? బర్రె పాలవల్లే అత్తమ్మకు ఇంత పని అయిందా? మా ఆయన బర్రెను అమ్మేద్దామంటున్నాడు. అత్తమ్మ ససేమిరా అంటోంది. ఏం చెయ్యమంటారు?"

చూశారు గదా! ఒక్కొక్క విషయమే తీసుకుని చెబుతాను.

తోడుకోని పాల సంగతి

పాలు పెరుగు కావడమంటే ఏమిటి? మనం వేసే తోడులో కంటికి కనబడని మేలుచేసే క్రిములు కోట్లకొద్దీ వుంటాయి. అవి గోరువెచ్చని పాలలో పెరిగి, పాలలోని చక్కెరను తిని, పులుపు తయారుచేస్తాయి. ఆ పులుపుకు పాలు గడ్డకడతాయి. అదే పెరుగు.

పొదుగువాపు కూడా క్రిములవల్ల వచ్చేదే. ఆ క్రిములను చంపడానికి బర్రెకు వేసిన సూదిమందును యాంటీబయాటిక్ అంటారు. ఆ మందు బర్రె రక్తంలో కలిసి, పొదుగులోకి దిగి, పాలలోకి వస్తుంది. మందుకు మంచి క్రిమి ఏదో, చెడ్డ క్రిమి ఏదో తెలియదు. పొదుగులోని క్రిమిని చంపినట్లే మీ తోడులోని క్రిమినీ చంపింది. అందుకనే ఎవరింటి తోడు తెచ్చి వేసినా ప్రయోజనం లేకపోయింది.

పాలు తోడుకోకపోవడానికి ఇతర కారణాలు కూడా వుంటాయి సుమా! చలికాలం కావచ్చు, పాలు మరీ వేడిగా వుండగా తోడు వేసి వుండవచ్చు, తోడే పాడై వుండవచ్చు. కాని పశువుకు సూదిమందు వేసిన రోజుల్లోనే తోడుకోవడం మానేసి, ఆ తరవాత మామూలుగా తోడుకుంటే అనుమానించవలసింది మందునే. పాలను కాస్తే క్రిములు చస్తాయి. చాలా రకాల యాంటీబయాటిక్ మందులు మాత్రం కాచినంత మాత్రాన పోవు. కాచి తాగాం గదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

'ఆర్' అంటే ఏమిటి?

మూత్రం పరీక్షలో దొరికిన క్రిమిని ఒక పళ్లెంలో పెంచి, దాని మీద రకరకాల మందులు వేసి చూస్తారు. దీనినే కల్చర్ పరీక్ష అంటారు. మందు చుట్టూ క్రిమి చచ్చిపోతే 'ఎస్' అని రాస్తారు. ఆ మందుకు లొంగుతుందన్నమాట. మందు పక్కనే క్రిమి నిక్షేపంగా పెరుగుతూ వుంటే 'ఆర్' అని రాస్తారు. ఆ మందుకు లొంగదు, మొండికేసింది అని అర్థం. 'ఐ' అని వుంటే మోతాదు పెంచితే లొంగవచ్చునని అర్థం.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. "నా ఒంటికి ఆ మందు అలవాటైపోయింది డాక్టరుగారూ, ఇక పనిచెయ్యదు" అంటూ వుంటారు. అలవాటుపడేది మీ ఒళ్లు కాదు. మొండికేసేది క్రిమి. జన్మలో ఒక్క యాంటీబయాటిక్ కూడా మింగని మనిషికి సైతం మొండి క్రిమి అంటుకుంటే మందు పనిచెయ్యదు. అంటే ఒకరు చేసిన పొరపాటుకు ఇంకొకరు ఫలితం అనుభవించవచ్చునన్నమాట.

క్రిములు ఎలా మొండికేస్తాయి? కోటి క్రిములలో ఏ ఒక్కదానికో ఆ మందును తట్టుకునే శక్తి వుంటుంది. మందు వేసినప్పుడు తక్కినవన్నీ చస్తాయి. అది మిగిలి, ఖాళీ అయిన చోటంతా తన సంతానంతో నింపుతుంది. ఇంతటితో అయిపోలేదు. క్రిములు ఆ శక్తిని ఒకదానికొకటి అందించుకుంటాయి కూడా. ఇరుగమ్మ పొరుగమ్మకు గరిటెడు పెరుగు తోడుకు ఇస్తుంది చూడండి, అలాగన్నమాట. బర్రె పేగులోని క్రిమి మనిషి పేగులోని క్రిమికి, అది మురుగు కాలువలోని మరో జాతి క్రిమికి, ఇలా అందిస్తూ పోతాయి.

ఈ మొండి క్రిముల మూలంగానే 2019 సంవత్సరంలో ప్రపంచం మొత్తం మీద సుమారు 12 లక్షల 70 వేలమంది మరణించారని 2022లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రకటించిన పరిశోధన లెక్కకట్టింది. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకుంటూ, మందు చాలీచాలకుండా వాడితే క్రిములు మొండికేస్తాయని అప్పుడే హెచ్చరించాడు. మీరు మీ అత్తమ్మగారికి డబ్బాలోంచి తీసి వేసిన నాలుగు మాత్రలు ఆయన చెప్పిన చాలీచాలని మోతాదే. బాధపెట్టడానికి చెప్పడం లేదమ్మా. దేశంలో సగం ఇళ్లలో అలాంటి డబ్బా ఒకటి వుంటుంది.

బర్రెకూ మనిషికీ ఒకటే మందా?

మందుల షాపు అబ్బాయి చెప్పింది నిజమే కావచ్చు. సెఫ్‌ట్రయాక్సోన్ అనే సూదిమందును మన దేశంలో ఆసుపత్రుల్లో మనుషులకూ వాడతారు, పొదుగువాపుకు పశువులకూ వాడతారు. కోళ్లకు, పశువులకు వాడే ఎన్‌రోఫ్లాక్ససిన్ మనం వాడే సిప్రోఫ్లాక్ససిన్‌కు స్వయానా తోబుట్టువు. పశువు ఒంట్లోకి వెళ్లాక దానిలో కొంత భాగం సిప్రోఫ్లాక్ససిన్‌గానే మారుతుంది. క్రిమి ఒకదానికి అలవాటుపడితే రెండోదానికీ లొంగదు.

ఈ కథలో మొదటి అధ్యాయం మన తెలుగువాడిదే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకు నాయకత్వం వహించారు. ఆయన ఆధ్వర్యంలో బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రజ్ఞుడు మిస్సోరీలోని ఒక పొలం మట్టిలో దొరికిన క్రిమినుంచి ఆరియోమైసిన్ అనే మందు తీశాడు. 1948లో దానిని లోకానికి ప్రకటించారు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే పెద్దబిడ్డ. ఎన్నో రకాల జ్వరాలకు అది సంజీవనిలా పనిచేసింది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు.

రెండో అధ్యాయం ఆయన చూడలేదు. అదే పరిశోధనశాలలో మందు తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు మేతలో కలిపి పెట్టారు. పిల్లలు గబగబా బరువు పెరిగాయి. 1950లో ఆ సంగతి బయటికి వచ్చింది. ఇంకేముంది! రోగం లేకపోయినా కోళ్లకు, పందులకు, దూడలకు రోజూ మేతలో చిటికెడు మందు కలపడం దేశదేశాల్లో అలవాటైపోయింది. చిటికెడే గనక క్రిములు చావవు, తర్ఫీదు పొందుతాయి.

దీనివల్ల మనుషులకు ఏమవుతుందో అమెరికాలో స్టువర్ట్ లెవీ అనే వైద్యుడు పరీక్షించి 1976లో ప్రకటించాడు. ఒక ఫారంలో కొన్ని కోళ్లకు మందు కలిపిన మేత పెట్టించాడు. వారం తిరిగేసరికి ఆ కోళ్ల పేగుల్లోని క్రిములు చాలావరకు మొండికేశాయి. కొద్ది నెలలకు ఆ ఫారంలో కాపురముంటున్న కుటుంబం వాళ్ల పేగుల్లోనూ మొండి క్రిములు పెరిగాయి. వాళ్లు ఆ మందు మింగలేదు. ఇరుగుపొరుగు ఇళ్లవాళ్లలో మాత్రం అలాంటి మార్పు లేదు. అయితే మేతలో మందు మానేసిన ఆరు నెలలకు ఆ మనుషుల్లో చాలామందికి మొండి క్రిములు కనబడకుండా పోయాయి. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. మళ్లీ అవసరమవుతుంది.

వాగులో కలిసిన మందు

మనుషులయ్యారు, పశువులయ్యాయి. ఇక మూడోది నీరు, నేల.

మీ పొలానికి నీళ్లిచ్చే నిజాంసాగర్‌ను మంజీరా నది మీద 1931లో పూర్తిచేశారు. అదే మంజీరాలో, నిజాంసాగర్‌కు చాలా ఎగువన, పటాన్‌చెరు వైపు నుంచి వచ్చే నక్కవాగు కలుస్తుంది. పటాన్‌చెరు ప్రాంతం మందుల ఫ్యాక్టరీలకు పేరుపొందింది. ప్రపంచంలో చాలా దేశాలు వాడే మాత్రల్లోని అసలు సరుకు అక్కడ తయారవుతుంది. అక్కడ దాదాపు 90 ఫ్యాక్టరీల మురుగునీటిని కలిపి శుభ్రపరిచే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లను స్వీడన్ శాస్త్రజ్ఞుడు యోకిమ్ లార్సన్, ఆయన సహచరులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. లీటరు నీళ్లలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ వుంది! ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత వుండదు. ఒక్క రోజులో బయటికి పోయే ఆ మందు 45 కిలోల దాకా వుంటుందనీ, స్వీడన్ దేశం మొత్తం ఐదు రోజులకు వాడేది అంతేననీ వాళ్లు లెక్కవేశారు. 2009లో ప్రకటించిన మరో పరిశోధనలో ఆ చుట్టుపక్కల పల్లెల బావినీళ్లలో సైతం మందులు బయటపడ్డాయి. జలుబుకు మనం వేసుకునే సెట్రిజిన్ కూడా వాటిలో ఒకటి. 2011లో వాగు అడుగున వుండే బురదను పరీక్షిస్తే, క్రిములు మొండితనాన్ని అందించుకునే సాధనాలు అందులో విపరీతంగా కనబడ్డాయి.

తరవాత ఆ కేంద్రం నీళ్లను పైపులైను వేసి హైదరాబాదులోని మురుగు శుద్ధి కేంద్రానికి, అంటే మూసీ వైపుకు, మళ్లించారు. పటాన్‌చెరు కాలుష్యం మీద అక్కడి ప్రజలు, పర్యావరణవాదులు 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లారు.

ఇది చదివి బాన్సువాడవాళ్లు కాలువ నీళ్లు చూసి భయపడనక్కరలేదు. పటాన్‌చెరు నుంచి మీ పొలానికి చాలా దూరం. నది నీటిలో ఏదైనా పలచబడుతుంది. మీ కాలువలో ఆ మందు వుందని నేను అనడం లేదు. నేను చెప్పేదల్లా ఇదే. మందు మనిషి కడుపులోనే ఆగిపోదు. మనిషి మింగినా, బర్రెకు పొడిచినా, మందును బట్టి అందులో చాలా భాగం మూత్రంలో, పేడలో బయటికి పోతుంది. పేడ ఎరువవుతుంది. కోళ్లఫారం ఎరువు వరిపొలానికీ కూరమడికీ చేరుతుంది. వాన పడితే కుంటలోకి జారుతుంది. ఆ కుంటలో బర్రె నీళ్లు తాగుతుంది. ఫ్యాక్టరీ చేసేది పెద్దఎత్తున కావచ్చు, మన ఇంటి వెనక జరిగేది చిన్నఎత్తున కావచ్చు. దారి మాత్రం ఒకటే.

ముగ్గురు డాక్టర్లు ఒకచోట కూర్చుంటే

ఇన్నాళ్లూ మనుషుల డాక్టరు మనిషినే చూశాడు, పశువుల డాక్టరు పశువునే చూశాడు, నీళ్లు పరీక్షించేవారు నీళ్లనే చూశారు. ముగ్గురూ కలిసి చూడకపోతే లాభం లేదని ఇప్పుడు ప్రపంచమంతా గుర్తించింది. ఈ పద్ధతికి 'వన్ హెల్త్' అని పేరు పెట్టారు. మనుషులు, పశుపక్ష్యాదులు, పరిసరాలు, వీటన్నిటి ఆరోగ్యం ఒకటేనని అర్థం. 2021 అక్టోబరులో కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 27 సంస్థలను కలిపి ఇలాంటి పరిశోధన కోసం ఒక కూటమిని ఏర్పాటుచేసింది. దానికి నాయకత్వం అప్పగించింది హైదరాబాదులోని జాతీయ జంతు జీవసాంకేతిక సంస్థకే. పశువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల మీద నిఘా వుంచడం దాని పని.

కలిసి చూస్తే ఫలితం వుంటుందా అంటే, వుంటుంది. కోలిస్టిన్ అనే మందు వుంది. ఏ మందూ పనిచెయ్యని రోగికి ఆఖరి అస్త్రంగా వాడతాం. దానికి కూడా లొంగని క్రిములు చైనాలో పందుల్లో, మాంసంలో, రోగుల్లో కనబడ్డాయని 2015లో బయటపడింది. చైనా మేతలో ఆ మందు కలపడం 2017లో నిలిపివేసింది. కొద్ది సంవత్సరాల్లోనే పశువుల్లోనూ మనుషుల్లోనూ అలాంటి క్రిములు తగ్గాయి. మన దేశం 2019 జూలైలో కోళ్లకూ ఇతర ఆహారపు జంతువులకూ కోలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. డెన్మార్కులో అవోపార్సిన్ అనే మందును 1995లో నిషేధించారు. అప్పుడు కోళ్లనుంచి తీసిన ఒక రకం క్రిముల్లో నూటికి 73 మొండివి. 2000 నాటికి అవి నూటికి 6కు పడిపోయాయి. లెవీగారి ఫారంలో జరిగిందే ఇక్కడా జరిగింది. మందు వాడకం తగ్గిస్తే క్రిములు మళ్లీ దారికి వస్తాయి. ఆలస్యమైపోలేదు.

మరి అత్తమ్మ సంగతి?

బర్రె పాలవల్లే మీ అత్తమ్మగారికి ఇలా అయిందా అని అడిగారు. ఆ మొండి క్రిమి బర్రె నుంచే వచ్చిందని ఎవరూ రుజువు చెయ్యలేరు. ఆమె పేగులోనే చాలాకాలంగా వుండి వుండవచ్చు. ఇంతకుముందు ఎన్నోసార్లు వాడిన మాత్రలవల్ల తయారై వుండవచ్చు. మూత్రంలో మంటకు కారణమయ్యే క్రిమి చాలావరకు మన పేగులో వుండే ఈకొలై. షుగరు వున్నవారికి, పెద్దవయసు స్త్రీలకు ఆ జబ్బు తేలికగా వస్తుంది. కాబట్టి బర్రెను దోషిగా నిలబెట్టవద్దు. మిమ్మల్ని మీరూ నిందించుకోవద్దు.

ఇక మీదట ఆమె షుగరు అదుపులో వుండాలి. నీళ్లు సరిపడా తాగాలి. మూత్రం ఆపుకోకూడదు. మళ్లీ మంట, జ్వరం వస్తే మొదటి మాత్ర వెయ్యకముందే మూత్రం కల్చర్ పరీక్షకు ఇవ్వండి. మాత్ర వేశాక ఇస్తే క్రిమి సరిగ్గా దొరకదు. పాత రిపోర్టు పారెయ్యకుండా డాక్టరుకు చూపించండి. ఏ బాధా లేకుండా మామూలు పరీక్షలో క్రిములున్నాయని తేలినంత మాత్రాన పెద్దవాళ్లకు మందు అక్కరలేదని కూడా తెలుసుకోండి.

ఇంటిల్లిపాదీ పాటించవలసినవి

1. అట్ట మీద నిలువుగా ఎర్రగీత వున్న మాత్రలను డాక్టరు చీటీ లేకుండా కొనవద్దు. ముఖ్యమైన యాంటీబయాటిక్ మందులెన్నిటినో షెడ్యూలు హెచ్-1 కిందికి తెచ్చి, వాటి అమ్మకం ప్రత్యేకంగా పుస్తకంలో రాయాలని 2014 మార్చి నుంచి నిబంధన వుంది.

2. జలుబు, మామూలు గొంతునొప్పి, ఫ్లూ జ్వరం వైరస్‌వల్ల వస్తాయి. వీటిమీద యాంటీబయాటిక్ పనిచెయ్యదు. "ఒక మంచి సూది వెయ్యండి" అని డాక్టరును ఒత్తిడి చెయ్యవద్దు. "ఇది నిజంగా అవసరమా?" అని అడగండి. మంచి డాక్టరు తప్పుపట్టడు.

3. పిల్లల విరేచనాలకు చాలావరకు కావలసింది నీళ్లు, ఉప్పు, చక్కెర. ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు తలకొట్టు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా పట్టండి. చెంచా అంటే టీ చెంచా. విరేచనంలో రక్తం పడినా, ఎక్కువ జ్వరం వున్నా, మూత్రం ఆగినా, కళ్లు గుంటలు పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

4. డాక్టరు ఎన్ని రోజులు చెబితే అన్ని రోజులు వాడండి. మీ అంతట మీరు ముందుగా మానవద్దు, పొడిగించవద్దు. మిగిలిన మాత్రలు దాచవద్దు, పక్కింటివారికి ఇవ్వవద్దు. వాటిని మరుగుదొడ్లో, బావిలో, మురుగు కాలువలో పారెయ్యవద్దు. మట్టిలోనో, వాడేసిన టీపొడిలోనో కలిపి, పొట్లం కట్టి చెత్తబండికి ఇవ్వండి. డబ్బా మాత్రం ఈ రోజే ఖాళీ చెయ్యండి.

5. పశువుకు జబ్బు చేస్తే పశువైద్యశాలకు కబురు చెయ్యండి. ఏ మందు వేశారో, పాలు ఎన్ని రోజులు వాడకూడదో అడిగి గోడమీద క్యాలెండరులో రాసుకోండి. మందును బట్టి ఆ గడువు మారుతుంది. సీసా మీద కూడా రాసి వుంటుంది. గడువు తీరేదాకా ఆ పాలు మీరు తాగవద్దు, కేంద్రంలో పొయ్యవద్దు, దూడకూ తాపవద్దు. బావికి దూరంగా గుంట తీసి పోసి మట్టి కప్పండి. నష్టమే, కాదనను. కాని కేంద్రంలో మీ చెంబెడు పాలు ఊరందరి పాలలో కలుస్తాయి.

6. అసలు పొదుగువాపు రాకుండా చూసుకోవడం మేలు. పాలు పితికేముందు చేతులూ పొదుగూ కడిగి, పొడిగుడ్డతో తుడవండి. మొదటి రెండు ధారలు నల్లగుడ్డ మీద పిండి, తునకలు వున్నాయేమో చూడండి. పితికాక అరగంట దాకా చన్నుల రంధ్రాలు తెరుచుకుని వుంటాయి. ఆ సమయంలో బర్రె పేడలో పడుకుంటే క్రిములు లోపలికి పోతాయి. అందుచేత పితకగానే ముందు మేత వెయ్యండి, నిలబడి తింటుంది. కొట్టం పొడిగా వుంచండి.

7. కోడిమాంసం, గుడ్లు మానెయ్యనక్కరలేదు. బాగా ఉడికించండి, క్రిములు చస్తాయి. పచ్చిమాంసాన్ని కొళాయి కింద కడిగితే ఆ తుంపరలు చుట్టూ పడతాయి. మాంసం కోసిన కత్తి, చెక్క కడగకుండా పచ్చిమిర్చి, కొత్తిమీర కొయ్యవద్దు. సబ్బుతో చేతులు కడుక్కోండి.

8. పచ్చిపేడ, కోళ్ల ఎరువు నేరుగా కూరమడిలో వెయ్యవద్దు. కుప్పవేసి, కప్పి, రెండు మూడు నెలలు బాగా మాగనివ్వండి. కుప్పలో పుట్టే వేడికి చాలా క్రిములు చస్తాయి. పచ్చిగా తినే కూరలను మంచినీళ్లలో రెండు మూడుసార్లు కడగండి.

9. పిల్లలకూ పశువులకూ టీకాలు సకాలంలో వేయించండి. రోగమే రాకపోతే మందుతో పనేముంది?

బర్రెను అమ్మాలా?

అమ్మవద్దు. మీ బర్రె ఏ తప్పూ చెయ్యలేదు. దానిని అమ్మితే కొన్నవాళ్ల ఇంట్లో ఇదే కథ మళ్లీ జరుగుతుంది. మీ ఇంట్లో మిగిలేది పాకెట్ పాలు, ఆ పాత మాత్రల డబ్బా.

మీ ఆయనకు అర్థమయ్యేలా ఒక మాట చెప్పండి. నిజాంసాగర్ కాలువ నీళ్లు ఒక్కరి సొత్తు కాదు. ఎగువ రైతు అవసరానికి మించి తన మడి నింపుకుంటే, చివరి తూము కింద రైతు పైరు ఎండుతుంది. తప్పు చేసినవాడికి నష్టం కనబడదు, నష్టపోయినవాడు చేసిన తప్పేమీ లేదు. యాంటీబయాటిక్ మందుల శక్తి కూడా అలాంటి ఉమ్మడి సొత్తే. మనిషికి, బర్రెకు, కోడికి, ఏ పేరున ఎవరు అనవసరంగా వాడినా తరుగుతుంది. చివరి తూము కింద మీ అత్తమ్మగారిలాంటి పెద్దవాళ్లు, నెలలు నిండని పసిపిల్లలు, ఆపరేషను బల్లమీద పడుకున్న రోగులు వుంటారు.

ఈసారి బర్రెకు ఒంట్లో బాగాలేకపోతే, సూదులు వేసే అతనికంటే ముందు పశువుల డాక్టరుకు కబురు పంపండి. పాలు గడువు తీరేదాకా ఆగండి. గడువు తీరాక కూడా కొద్దిగా పాలు వేరే గిన్నెలో తోడువేసి చూడండి. పెరుగు తోడుకోకపోతే ఇంకా అనుమానం వుందని ఆ రోజూ ఆగండి. తోడుకుంది గదా అని మాత్రం గడువుకు ముందే తాగవద్దు. కొద్దిపాటి మందు మిగిలి వున్నా పెరుగు తోడుకోవచ్చు.

మీ అత్తమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. బర్రె విషయంలో ఆమె మాటే సరైనది.